ఆరా, పదమూడా?

హార్ట్‌లీ సగ్డెన్ తన కాళ్ల కింది నేల అమ్ముకు తిన్నాడని సెల్విన్ జోవెట్ ఏడేళ్లుగా చెబుతూనే ఉన్నాడు. గనిలోకి దిగే బోనులో చెప్పాడు, మంగలి కుర్చీలో చెప్పాడు, చర్చి మెట్ల మీద హార్ట్‌లీ భార్య వింటుండగానే చెప్పాడు. క్రాగ్‌థార్ప్ రగ్బీ క్లబ్బు స్టాండు వెనక ఒకప్పుడు ఖాళీ నేల ఉండేది. సెల్విన్ తండ్రి కాలం నుంచీ వాళ్ల పందెం పావురాల గూడు అక్కడే. ఛైర్మన్ హోదాలో హార్ట్‌లీ ఒక్క సంతకం గిలికాడు. ఇప్పుడక్కడ ఇటుక ఇళ్లు, కిటికీలకు లేసు తెరలు. మాంసం కొట్టు నడుపుకునేవాడికి నేల విలువేం తెలుస్తుంది, ఎముకతో సహా తూచి అమ్మేయడం తప్ప, అనేవాడు సెల్విన్.

కాబట్టి గురువారం కమిటీలో హార్ట్‌లీ ఎడమంటే సెల్విన్ కుడి అంటాడని అందరికీ తెలుసు. కానీ బల్ల గుద్ది బయటికి నడుస్తాడని మాత్రం ఎవరూ అనుకోలేదు.

గొడవ చిన్నదే. ఏ క్లబ్బుకు ఆడినా సరే, ఊళ్లో పుట్టినవాళ్లలో అందరికంటే గొప్పవాళ్లు పదమూడుగురి పేర్లు చెక్క పలక మీద బంగారు రంగుతో రాయించాలని తీర్మానం. ఈ ఆటలో వీపు మీది నంబరే మనిషి పని చెబుతుంది గనక పలక మీద కూడా ఒకటి నుంచి పదమూడు దాకా గళ్లు గీయించారు. పదకొండు గళ్లు నిండాయి. మిగిలినవి ఆరు, పదమూడు. పక్క ఊరు ఆష్‌బరో క్లబ్బుకు ఆడి పేరు తెచ్చుకున్న రెన్నీ టాస్కర్ పేరు ఉండి తీరాలని అందరూ ఒప్పుకున్నారు. రెండో గడి ప్రస్తుతానికి ఖాళీగా ఉంచుదామన్నారు. టాస్కర్ ఏ గడిలో అన్న దగ్గరే కుర్చీలు చప్పుడయ్యాయి. పదమూడులో రాస్తే తన పేరు కమిటీ పుస్తకంలోంచి కొట్టేసుకోమన్నాడు సెల్విన్.

ఆ తర్వాత హార్ట్‌లీ చదివిన ఉత్తరం వినకుండా వచ్చేస్తే బాగుండేది. తలుపు దగ్గర ఆగి విన్నాడు. శనివారం మూడింటికి తనే వచ్చి పలక మీది గుడ్డ తీస్తానని రాశాడు టాస్కర్. కింద ఇంకో వాక్యం ఉంది: "పదకొండేళ్ల కిందట నన్ను వద్దని రాసిన రిపోర్టు మీ సొరుగులో ఇంకా ఉంటే చదివి వినిపించండి, అందరం నవ్వుకుందాం."

ఇవాళ శనివారం. గంట రెండు దాటింది.

క్లబ్బు గదిలో నలుగురే ఉన్నారు. గుడ్డతో మూయాల్సిన పలక గోడకు ఆనించి ఉంది. దాని ముందు ముక్కాలిపీట మీద ఎల్లిస్ గార్సైడ్, చేతిలో సన్నటి కుంచె. ఊళ్లో దుకాణాల బోర్డులన్నీ అతను రాసినవే. కానీ ఊరు అతన్ని గుర్తుపెట్టుకున్నది ఆ పని వల్ల కాదు. టాస్కర్‌ని వదిలేసి క్లబ్బు డబ్బు పోసి తీసుకున్నది ఇతన్నే. రెండు సీజన్లు ఆరో నంబరులో ఆడాడు. బంతి అతని చేతికి వస్తే సొంత ఊరి జనమే ఈలలు వేసేవారు. ఆట మానేశాక తొమ్మిదేళ్లపాటు ఈ గడప తొక్కలేదు. కూలికి పిలిస్తే ఇవాళ వచ్చాడు.

పొయ్యి పక్కన ఐడా లమ్ మేజోళ్లు కుడుతోంది. ముప్పయ్యేళ్లుగా క్లబ్బు జెర్సీలు ఉతికే మనిషి. హార్ట్‌లీ పైపు నింపుకుంటూ కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"ఆ రంగు ఆరిపోతోందయ్యా సెల్విన్. కుర్రాణ్ని ఎంతసేపు కూర్చోబెడతావు?"

"ఎందుకు కూర్చోవాలి? ఆరులో రాసి ఇంటికి పొమ్మను."

"టాస్కర్ పదమూడో మనిషి. రెండు జట్లూ తలలు దూర్చి తోసుకునే స్క్రమ్ చివర తల దూర్చి నెట్టేవాడు, బంతి ఎటు పోయిందో అందరికంటే ముందు తల ఎత్తి చూసేవాడు, మైదానానికి అడ్డం పడి పరుగెత్తి అవతలివాణ్ని నడుం దగ్గర కోసినట్టు పడేసేవాడు. అది పదమూడో వాడి పని కాకపోతే మరెవరిది, గేటు దగ్గర టిక్కెట్లు చింపేవాడిదా?"

"పడేయడానికేముంది, నీ కొట్లో పనివాడు కూడా పడేస్తాడు, గొడ్డును. టాస్కర్ గొప్పంతా చేతుల్లో ఉంది. బంతి అందుకునేవాడు, అవతలివాడికి ఒక తుంటి చూపించేవాడు, రెండో తుంటి సందులోంచి పోయేది. అది ఆరో వాడి ఆట. నీకు మాంసం తెలుసు హార్ట్‌లీ, ఆట నాకు వదిలెయ్."

"ఆష్‌బరో వాళ్లు ఎనిమిదేళ్లు పదమూడులో ఆడించారు. దేశం పదమూడులో ఆడించింది. అందరూ వెర్రోళ్లేనా?"

"మొదటి సీజను ఆరులో ఆడించలేదూ?"

"వాళ్ల ఆరో వాడు కాలు విరగ్గొట్టుకుంటే ఆడించారయ్యా మగడా! పదకొండు వారాలు! మా ఆవిడ ఒకసారి నా కొట్లో కూర్చుంది, అంతమాత్రాన కసాయిదై పోయిందా?"

ఐడా కిసుక్కున నవ్వింది. ఎల్లిస్ కూడా పలక వైపు తిరిగే పెదవి బిగించాడు. సెల్విన్‌కి మెడ మీద వేడి పుట్టింది. ఈ వాదన అతనికి సరదా వాదన కాదు. అప్పట్లో క్లబ్బు తరఫున కొత్త ఆటగాళ్లను చూసి రిపోర్టు రాసింది అతనే, అందులో రాసింది టాస్కర్ పదమూడో నంబరుకు పనికిరాడనే. పలక మీద ఆరు అని పడితే ఆ మాట నిజమవుతుంది: పదమూడులో పనికిరానివాడు ఆరులో వెలిగాడు, అంతే కదా, మనిషిని తప్పుగా చూసిందెవరు? పలక మీద పదమూడు అని పడితే మాత్రం మూడు గంటలకు, టాస్కర్ ఎదుట, జనం ఎదుట, అతను ఒట్టి గుడ్డివాడు.

"నేను కళ్లారా చూశాను హార్ట్‌లీ," అన్నాడు గొంతు పెంచి. "మీరెవరూ చూడలేదు. టాస్కర్, ఎల్లిస్‌లలో ఒకణ్ని ఎంచుకోడానికి పెట్టిన ఆ ట్రయల్ మ్యాచ్ రోజు వర్షంలో కూర్చుని చూసినవాణ్ని నేను. పదమూడో నంబరు జెర్సీ వేసుకున్నాడు టాస్కర్. ఎనభై నిమిషాలు! ఉన్నాడో లేడో తెలియలేదు. ముగ్గురు పక్కనుంచి పోతే ఒక్కణ్ని ముట్టుకోలేదు. అలాంటివాణ్ని పదమూడులో రాస్తావా?"

ఐడా దారం పంటితో కొరికింది. సూదిని రవికకు గుచ్చి పెట్టుకుంది.

"ఏ జెర్సీ అన్నావు?"

"పదమూడు."

"ఏ రోజు?"

"ఆ రోజే. ట్రయల్ రోజు. చెవుడొచ్చిందా ఐడా?"

"చెవులు బాగానే ఉన్నాయి నాయనా. ఆ రోజు టాస్కర్ పదమూడు వేసుకోలేదు. వేసుకోడానికి దూరితేగా! ఆ వారం మా చెల్లెలు వచ్చి కబుర్లలో పెట్టింది, నేను బట్టల కాగు పొయ్యి మీదనించి దించడం మర్చిపోయాను. ఉన్ని జెర్సీలు, కొన్ని ముడుచుకుపోయాయి. పదమూడోది మరీ, పిల్లకు తొడిగే గౌనంత అయింది. టాస్కర్ తల దూర్చాడు, భుజాలు దూరలేదు. చేతులు పైకెత్తి ఇరుక్కుపోయి దిష్టిబొమ్మలా నిలబడ్డాడు. ఇదిగో, ఈ ఎల్లిస్ అప్పట్లో సన్నగా చువ్వలా ఉండేవాడు. ఇద్దర్నీ మార్చుకోమన్నాను. పదమూడు ఇతనికి, ఆరు టాస్కర్‌కి."

పొయ్యిలో బొగ్గు కూలిన చప్పుడు వినబడింది.

"ఆట ఎవరి ఆట వాళ్లే ఆడారు," అంది ఐడా. "టాస్కర్ స్క్రమ్ చివరే తల దూర్చాడు, కాకపోతే వీపు మీద ఆరు. నీకు తెలియాలని కబురు పంపాను కదా సెల్విన్. పంపడమేంటి, నేనే వచ్చాను. స్టాండులో నీ చోట నువ్వు లేవు. టోపీ ఉంది. టీకి వెళ్లుంటావనుకున్నాను. పెన్సిలుతో చిన్న కాగితం రాసి టోపీ లోపలి తోలు పట్టీ కింద దోపి పోయాను."

హార్ట్‌లీ పైపు నోట్లోంచి తీశాడు.

"ఏ కాగితం?" అన్నాడు సెల్విన్.

అనేశాక ఆ రెండు మాటలు గదిలో ఎక్కడికీ పోకుండా అలాగే నిలబడ్డట్టు అనిపించింది.

అతను టీకి వెళ్లలేదు. ఆట మొదలైన పావుగంటకు లేచి, మనిషి ఇక్కడే ఉన్నాడని జనం అనుకోవాలని టోపీ బల్ల మీద పెట్టి, స్టాండు వెనక గూటికి వెళ్లాడు. ఆ రోజు పావురాల పందెం. అతని నీలి ఆడ పావురం సముద్రం దాటి రావాలి. వచ్చీ రాగానే కాలి రబ్బరు ఉంగరం తీసి, వచ్చిన వేళ అచ్చుగుద్దే పందెం గడియారంలో వేస్తేనే లెక్కలోకి వస్తుంది. క్షణం ఆలస్యమైనా పోయినట్టే. వర్షంలో తడుస్తూ మెడ నొప్పెట్టేదాకా ఆకాశం చూశాడు. గోడ అవతల జనం అరుపులు వినబడుతూనే ఉన్నాయి. ఒక్కసారి కూడా తల తిప్పలేదు. ఆ పావురం ఆ రోజు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

ఆఖరి ఈల వినబడ్డాక టోపీ కోసం వచ్చాడు. గేటు దగ్గర టిక్కెట్లు చింపే ముసలి క్లెమ్‌ని అడిగాడు, ఏమీ ఎరగనట్టు, ఏమంటావ్ అని. "ఆరో వాడు అదరగొట్టాడయ్యా. పదమూడో వాడు అసలొచ్చాడా?" అన్నాడు క్లెమ్. చేతిలో అచ్చేసిన జట్టు జాబితా ఉండనే ఉంది. ఆరు, గార్సైడ్. పదమూడు, టాస్కర్. ఇంటికెళ్లి తడి బట్టలు మార్చుకోకుండానే రిపోర్టు రాశాడు. సోమవారం ఇచ్చాడు. బుధవారం ఎల్లిస్ సంతకం పెడుతున్న ఫోటో పేపర్లో వచ్చింది.

గురువారం పొద్దున టోపీ నుదుటికి గుచ్చుకుంటోందని తోలు పట్టీ తిప్పి చూశాడు. పెన్సిలు రాత తడికి చెరగదు. "ఆరు, పదమూడు జెర్సీలు మారాయి, చూసుకో. ఐడా."

ఆష్‌బరో వాళ్లు టాస్కర్‌తో సంతకం పెట్టించుకున్నది శనివారం సాయంత్రం. మధ్యలో రెండు రోజులున్నాయి. క్లబ్బు గది సెల్విన్ ఇంటి నుంచి నాలుగు వీధులు. హార్ట్‌లీ కొట్టు ఇంకా దగ్గర. రెండు రోజులూ గనికి వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి, ఆ కొట్టు ముందు నుంచే నడిచాడు. లోపలికెళ్లి "హార్ట్‌లీ, తప్పు జరిగింది" అంటే చాలు. ఎలా జరిగిందని అడుగుతాడు. ఎక్కడున్నావని అడుగుతాడు. ఊళ్లో ఆట చూసే కన్నంటే జోవెట్‌దేనని చెప్పుకునే జనం అడుగుతారు. ఆ కాగితాన్ని ఇంట్లో పొయ్యిలో వేశాడు. అది కాలడానికి రెప్పపాటు కూడా పట్టలేదు.

"టోపీలో ఏ కాగితమూ లేదు ఐడా," అన్నాడు మళ్లీ, ఈసారి నెమ్మదిగా.

"పడిపోయిందేమో," అంది ఐడా. నమ్మింది. ఆమె నమ్మడమే అతనికి దెబ్బలా తగిలింది.

అప్పుడు ఎల్లిస్ కుంచెను గుడ్డకు తుడిచి, ముక్కాలిపీట మీదే ఇటు తిరిగాడు. నలభయ్యో పడికి దగ్గరవుతున్నాడు, జుట్టు పలచబడింది, వేళ్లకు బంగారు రంగు.

"జోవెట్ గారూ, ఒక మాట అడగొచ్చా?"

"అడుగు."

"ఆ రోజు నేను పదమూడు వేసుకున్నానని నాకు తెలుసు కదండీ. నా వీపు మీదే ఉంది. సోమవారం సగ్డెన్ గారు పిలిచి, జోవెట్ నీ గురించి ఇలా రాశాడని చదివితే, సందు చూసి దూరతాడు, పాదరసం లాంటి కాళ్లు అని, ఆ మాటలు నావి కావని అప్పుడే తెలుసు. టాస్కర్ ఆటవి అవి."

"తెలిసీ సంతకం పెట్టావుట్రా?" అన్నాడు హార్ట్‌లీ.

"పెట్టానండీ. అమ్మకు ఊపిరితిత్తులు పాడై మంచంలో ఉంది. అదొకటి. కానీ అదొక్కటే కాదు." అతను సెల్విన్ మొహంలోకే చూస్తున్నాడు. "ఈయన జెర్సీలు చూసే మనిషి కాదు, ఆట చూసే మనిషి అని మా నాన్న అనేవాడు. నంబరు మారినా మనిషిని పోల్చుకోలేడా అనుకున్నాను. పోల్చుకునే రాశాడనుకున్నాను. నాలో ఏదో చూసి, పైకి చెప్పడానికి మాటలు దొరక్క, టాస్కర్ మాటలు నాకు పెట్టాడనుకున్నాను. నాకు వెర్రి అనుకోండి. జనం ఈలలు వేసినప్పుడల్లా ఆ ఒక్కటీ పట్టుకుని ఆడాను. వీళ్లకేం తెలుసు, చూడగలిగినవాడు చూశాడు, అని. బోర్డులు రాసుకుంటున్నా కూడా అదే."

సెల్విన్ కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"ఇప్పుడేమో పదమూడులో ఉన్నది టాస్కరే అంటున్నారు. అంటే నన్ను పోల్చుకోలేదన్నమాట. పోనీండి. పదమూడో వాడు ఉన్నాడో లేడో తెలియలేదన్నారు, ముగ్గురు పక్కనుంచి పోయారన్నారు, అది నేనే కదా. అది మాత్రం చూశారా? బాగోలేదని అనిపించినా సరే. ఆ రోజు నన్ను చూశారా, లేదా?"

చూశాననడం ఎంత తేలిక. ఒక్క మాట. ఆ ముగ్గుర్నీ కల్పించింది తనే అని ఎవరికి తెలుస్తుంది? కానీ జీవితంలో మొదటిసారి అబద్ధం నోటిదాకా వచ్చి సిగ్గుపడి వెనక్కి పోయింది. నేల చూశాడు. బూట్లకు అంటిన బూడిద చూశాడు.

హార్ట్‌లీ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత బల్ల సొరుగు లాగి, మడతల దగ్గర పసుపెక్కిన కాగితం ఒకటి తీశాడు. సెల్విన్ తన రాత దూరం నుంచే గుర్తుపట్టాడు. ఎనిమిదో తరగతి కూడా దాటని చేతిరాత, పలక మీద రాసినట్టు గుండ్రంగా.

"ఆ సంవత్సరం సర్వసభ్య సమావేశం గుర్తుందా నీకు?" అన్నాడు. "టాస్కర్‌ని వద్దన్న మొనగాడెవడు అని హాలు హాలంతా లేచింది. నేనేం చెప్పాను?"

సెల్విన్‌కి గుర్తుంది. జోవెట్ ఇద్దర్నీ మెచ్చుకునే రాశాడు, వద్దన్నది నేనే, అని చెప్పాడు హార్ట్‌లీ. ఎవడో మాంసం ఎముక విసిరాడు. సెల్విన్ మూడో వరసలో కూర్చుని బూట్లు చూసుకున్నాడు.

"ఎందుకు చెప్పావు?" అన్నాడు ఇప్పుడు, పదకొండేళ్లకు.

"ఎందుకంటే నాకు కొట్టుంది. తిట్టుకుంటూనైనా ఆదివారానికి మాంసం కొనక తప్పదు జనానికి. నువ్వు పొద్దున్నే వాళ్లతో కలిసి ఆ బోనులో భూమిలోకి దిగాలి. అక్కడ నీకు ఎవడు తాడు పడతాడు? ఎవరికైనా తప్పు జరుగుతుంది, కళ్లు మోసపోతాయి అనుకున్నాను."

"హార్ట్‌లీ..."

"ఉండు. నేల సంగతి కూడా అయిపోనీ. ఏడేళ్లుగా నా పెళ్లాం చెవిలో కూడా వేశావు కదా. టాస్కర్ అక్కడ ఆడుతుంటే మన జనమే బస్సెక్కి ఆష్‌బరో పోయారు. ఆరువేల మంది నిలబడే చోట పదిహేను వందలు. స్టాండు కప్పు కూలుతుంటే బ్యాంకువాడు వచ్చి ఇదే కుర్చీలో కూర్చుని టీ కూడా వద్దన్నాడు. అమ్మడానికి ఇంకేముంది? ఆ రోజు కూడా చెప్పి ఉండొచ్చు, నీ గూడు ఎవరి పుణ్యాన పోయిందో. నోరు రాలేదు."

పైపు ఆరిపోయింది. మళ్లీ వెలిగించుకోలేదు. కాగితం తెచ్చి సెల్విన్ చేతిలో పెట్టాడు.

"ఇదే ఒక్క ప్రతి. సొరుగులో దొరకలేదని టాస్కర్‌తో చెబుతాను, నేను అబద్ధం ఆడటం ఈ ఊరికి కొత్త కాదు. పొయ్యి అక్కడే ఉంది. లేదంటే నీ గొంతుతో నువ్వే చదువు. నీ ఇష్టం. నాకిక దీన్ని మొయ్యాలని లేదు."

కాగితం బరువే లేదు. పొయ్యి రెండడుగుల దూరం. ఇంతకుముందు ఇలాంటిదొకటి ఎంత త్వరగా కాలిందో అతనికి తెలుసు. ఈ గదిలో ఇంకెవరికీ తెలియదు. గూటి సంగతి, టోపీ సంగతి, గురువారం, శుక్రవారం, ఏదీ ఎవరికీ తెలియదు. హార్ట్‌లీ ఇప్పటికీ కళ్లు మోసపోయాయనే అనుకుంటున్నాడు. తను నోరు విప్పితే తప్ప ఎప్పటికీ తెలియదు.

బయట కంకర మీద కారు ఆగింది. తలుపు వేసిన చప్పుడు. బరువైన అడుగులు, ఒక కాలు కాస్త ఈడుస్తూ. పాత ఆటగాళ్ల నడక.

"ముందే వచ్చేశాడే!" అని ఐడా లేచి జుట్టు సర్దుకుంది.

ఎల్లిస్ పలక వైపు తిరిగాడు. కుంచె బంగారు రంగులో ముంచి, అంచుకు ఆనించి, ఒక్క చుక్క రాల్చి, గాలిలో ఎత్తి పట్టుకున్నాడు.

"చెప్పండి జోవెట్ గారూ. మీరు చెప్పిందే రాస్తాను. ఆరా, పదమూడా?"

తలుపు పిడి తిరిగింది. సెల్విన్ నోరు తెరిచాడు. ఎదురుగా కిటికీలో, స్టాండు పక్కగా, ఆ ఇళ్ల వెనక ఎవరిదో తెల్లటి దుప్పటి తాడు మీద ఆరుతోంది, సరిగ్గా గూటి తలుపు ఉండిన చోట. ఏడేళ్లుగా హార్ట్‌లీ పేరు మీద వేసిన లెక్క అంతా ఒక్కసారి తన పేరు మీదికి వచ్చి నిలబడింది. తన మూలంగా క్లబ్బు పోగొట్టుకున్న నేల ఎకరం అరవై సెంట్లు. అందులో జోవెట్ల గూడు పన్నెండు గజాల పొడవు, నాలుగు గజాల వెడల్పు, నలభై ఎనిమిది చదరపు గజాలు.